ట్రెబుల్ తొమ్మిది

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ నోటుపుస్తకం మా అమ్మాయి రిషితది. మొదటి ఐదు పేజీల్లో గిటారు పాఠాలు రాసుకుని ఆపేసింది. పిల్ల హైదరాబాద్ హాస్టల్‌కు పోయి ఏడు నెలలయింది. దాని ఎలక్ట్రిక్ గిటారు, ఆంప్లిఫయరు, ఈ పుస్తకం నాకు మిగిలాయి. ఆంప్లిఫయరును ఇంట్లో అందరం డబ్బా అంటాం. ఎమ్మెస్సీ చదివేటప్పుడు హాస్టల్లో రూమ్మేటు గిటారు మీద నేర్చుకున్న స్వరాల పట్లు, కార్డులు, ఇరవై రెండేళ్లయినా వేళ్లు మరిచిపోలేదు. నేను మరిచిపోయాను గానీ వేళ్లు మరిచిపోలేదు.

టెంట్‌హౌస్ ఎల్లేశ్ పొద్దున ఇంటికి వచ్చాడు. పెళ్లిళ్లలో వాయించే చిన్న బ్యాండు ఉంది అతనికి. కీబోర్డు తనే వాయిస్తాడు. మా కాలేజీ వార్షికోత్సవంలో నేను వాయించింది విన్నాడట. వాళ్ల గిటారిస్టు ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఏప్రిల్ ఇరవైన జనగామలో ఒక పెళ్లి విందు ఉంది, ఆ లోపు ఆదివారాలు సాధన, వస్తారా మేడం అని అడిగాడు. నలభై నాలుగేళ్ల బాటనీ లెక్చరర్‌ని. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించేదేమీ లేదు, పోవాలని ఉంది.

అన్నం దగ్గర మా ఆయన స్వామికి చెప్పాను. తల ఎత్తలేదు. ఇంకోసారి చెప్పలేదు.

బదిలీ దరఖాస్తులు తీసుకుంటున్నారు. ఏప్రిల్ 21 ఆఖరు. మానుకోట కాలేజీలో ఖాళీ ఉంది. అక్కడి ల్యాబులో మైక్రోస్కోపులు కొత్తవి. అందుకే ఆలోచిస్తున్నాను.

ఫిబ్రవరి 11

భూపాలపల్లి నుంచి మానుకోటకు రోజూ తిరగలేం. పోతే అక్కడే గది తీసుకుని ఉండాలి. నేనొక్కదాన్నే. మైక్రోస్కోపుల కోసం.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఈ రోజు రాయడానికి మంచి విషయం ఉంది.

స్వామిది బోరు బండి. ఇరవై మూడేళ్లుగా అదే పని. కాటారం, టేకుమట్ల, అటు గూడూరు దాకా ఎవరు బోరు వేయించాలన్నా కుమారస్వామి బండే కావాలంటారు. బండ్లు చాలా ఉన్నాయి. ఆ చెవి ఇంకొకరికి లేదంటారు. భూమిలో సుత్తె దిగుతుంటే ఆ మోతను బట్టి రాయి ఎక్కడ మారిందో, పగులు ఎక్కడ వచ్చిందో, ఎక్కడ ఆపాలో చెప్తాడు. పెళ్లయిన కొత్తలో ఒళ్లంతా రాతిపొడితో పిండిబొమ్మలా ఇంటికి వచ్చి, స్నానమైనా చేయకుండా ఆ రోజు విన్న మోతలన్నీ నాకు చెప్పేవాడు. నల్లరాయి మాట వేరు, చౌడురాయి మాట వేరు అనేవాడు. నీళ్ల పగులు దగ్గరికి వస్తే సుత్తె గొంతు సవరించుకున్నట్టు ఉంటుందట. నేను ఆయన్ని ఇష్టపడింది ఆ మాటలకే అనుకుంటాను.

రెండేళ్లుగా ఆ మాటలు లేవు. వస్తాడు, తింటాడు, టీవీ పెద్దగా పెడతాడు, పడుకుంటాడు. వంటింట్లోంచి నేనేదైనా అంటే గోడకు చెప్పినట్టే. ఫోనొస్తే నా చేతికిస్తాడు, లేకపోతే బండి మీద తోడుండే రాజలింగన్నకు ఇస్తాడు. చుట్టాల ఇళ్లకు రావడం మానేశాడు. మూడు వందల అడుగుల కింద నీళ్లను వినే మనిషికి మూడు అడుగుల దూరంలో నేను వినపడను. నా గొంతంటే ఆయనకు విసుగొచ్చి ఉంటుంది. వస్తుంది కూడా, నేను ఒక్క మాటను నాలుగుసార్లు తిప్పి తిప్పి చెప్పే మనిషిని.

మంచి విషయం రాస్తానని ఇటు వచ్చాను.

మధ్యాహ్నం డబ్బాకు తగిన మోత పెట్టుకుందామని కూర్చున్నాను. ఐదు నాబులున్నాయి. గెయిన్, బాస్, మిడ్, ట్రెబుల్, రివర్బ్. గెయిన్ మోత బలానికి, బాస్ లావు మోతకు, మిడ్ నడిమి మోతకు, ట్రెబుల్ సన్న మోతకు, రివర్బ్ ప్రతిధ్వనికి. మిడ్ తగ్గించి, బాసూ ట్రెబులూ పెంచితే మోత గొప్పగా వస్తుందని రిషిత రాసుకుంది. మిడ్ రెండు మీద, బాస్ ఎనిమిది మీద పెట్టాను. గొప్పగానే వచ్చింది. ట్రెబుల్ ఎంత పెట్టాలో తేలలేదు. నా చెవి మీద నాకు నమ్మకం లేదు. ఊరంతా నమ్మే చెవి ఇంట్లోనే ఉంది కదా అని స్వామిని పిలిచాను. దగ్గరికి పోయి భుజం తట్టి పిలిచాను. వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఐదు మీద వాయించాను. ఇంకా పెంచు అన్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది. ఇంకా అన్నాడు. తొమ్మిది దగ్గర తల ఊపాడు. నాకు కొంచెం గుచ్చుకున్నట్టు అనిపించింది గానీ వినేది ఆ చెవి. రిషిత గోళ్ల రంగుతో నాబుల మీద చుక్కలు పెట్టాను.

గంటసేపు కూర్చున్నాడు నా ముందు. గంట పైనే.

ఫిబ్రవరి 23, ఆదివారం

సాధన ఎల్లేశ్ గోదాము మీది గదిలో. చుట్టూ మడిచిపెట్టిన షామియానాలు, ఎర్ర కుర్చీల దొంతర్లు. డ్రమ్ముల ప్యాడ్ మీద ప్రశాంత్. పాడేది సరోజ, దవాఖానలో నర్సు. డ్యూటీ దిగి అదే చీరతో వచ్చింది.

మొదటి పాట సగంలో సరోజ ఎడమ చెవిలో వేలు పెట్టుకుంది. రెండో పాటలో పాడడం ఆపేసింది.

"అక్కా, ఏమనుకోకు. నీ గిటార్ నా పండ్లల్ల గుచ్చుతాంది."

రంపం లెక్క కోస్తాందని ఎల్లేశ్ అన్నాడు. మామూలుగా మర్యాదగా మాట్లాడే మనిషి. ఈ మోత ఎవరు పెట్టారో తెలుసా అన్నాను. స్వామి అన్నాను. ఆ పేరు చెప్తే ఊరుకుంటారనుకున్నాను. ప్రశాంత్ నవ్వి, స్వామన్న బండి నడుస్తుంటే పక్కన నిలవడి పెట్టిండా మేడం అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు చేశాను.

ఇంటికి వచ్చాక ఎట్లయింది అని స్వామి అడిగాడు. తనంతట తాను అడిగాడు. బాగా అయిందన్నాను.

చుక్కలు చెరపలేదు.

మార్చి 2, ఆదివారం

ఎల్లేశ్ తనే వచ్చి ట్రెబుల్ నాలుగుకు తెచ్చాడు. ఈసారి ఎవరికీ గుచ్చుకోలేదు. కీబోర్డు కింద నా గిటారు ఎక్కడుందో నాకే తెలియలేదు. రెండు గంటలు వాయించాను. మధ్యలో ఒక చరణమంతా తప్పు కార్డు పట్టి చూశాను. ఎవరూ ఇటు చూడలేదు.

గుచ్చుకున్నప్పుడే నయం.

మార్చి 3

ఇంట్లో మళ్లీ తొమ్మిది మీదే పెట్టుకుని వాయించాను. స్వామి కుర్చీ తెచ్చుకున్నాడు. ఆయనకు నచ్చింది నాకు చాలు. బ్యాండుకు ఇంకొకరిని చూసుకోమని చెప్పాలి.

చెప్పను. ఎందుకు చెప్తాను.

మార్చి 9, ఆదివారం

చెప్పడానికే పోయాను. ఎల్లేశ్ వినలేదు. డబ్బాను ఒక్కరే కూర్చుని సరిచేయొద్దు, నలుగురం వాయిస్తుంటేనే చేయాలి అన్నాడు. పెళ్లి వంటలు చూసే మనిషి కదా, అతని లెక్కలన్నీ బంతి భోజనాల్లో ఉంటాయి.

"ఇద్దరికి వండిన కూర బంతిల పెడితే రుచి ఎక్కడుంటది మేడం? ఇంట్ల మంచిగున్నదంటే అది ఇంటికే మంచిది."

పాట నడుస్తుండగానే నా నాబులు తిప్పుతూ పోయాడు. గెయిన్ మూడు, బాస్ నాలుగు, ట్రెబుల్ నాలుగు, రివర్బ్ దాదాపు సున్నా. మిడ్‌ను మాత్రం రెండు నుంచి ఏడుకు తెచ్చాడు. ఏడు దగ్గర నా గిటారు నాకు వినిపించింది. కీబోర్డుకూ ప్యాడ్‌కూ నడుమ దానికొక చోటు దొరికింది. నేను తప్పు కార్డు పడితే ముగ్గురూ ఒకేసారి నా వైపు చూశారు. అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. సరోజ గొంతు కూడా ఆ చోటులోనే ఉంటుందని, ఆమె పాడేటప్పుడు గిటారు మీది వాల్యూం కొంచెం దించుకోవాలని చెప్పాడు. దించాను. సరోజ చెవి మీద నుంచి చెయ్యి తీసింది.

పాట ఆగాక ఒక్కదాన్నే ఒక కార్డు వాయించి చూశాను. పాత రేడియోలా ముక్కుతో పలికినట్టుంది. బాగాలేదు. పిల్లలకు మైక్రోస్కోపు చూపించేటప్పుడు, ఆకు ముక్కను వెలుతురులో పెట్టి చూడండి, చేతిలో పట్టుకుని అందంగా ఉందని మురవకండి అంటాను. అలాంటిదే కావచ్చు. లేదా ముగ్గురు నా వైపు చూసిన సంతోషంలో నాకు నచ్చిందేమో.

మార్చి 12

ఇంటర్ పరీక్షల డ్యూటీ. మూడు గంటలు నిలబడ్డాను. ఫ్యాన్ చప్పుడు కూడా ఏ స్వరంలో ఉందో వెతుకుతున్నాను.

మార్చి 16, ఆదివారం

సాధన లేదు, సరోజకు డ్యూటీ. మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఎల్లేశ్ చెప్పిన లెక్క మీదే వాయించుకుంటున్నాను. స్వామి పెరట్లో రేకుల కింద బోరు బిట్టును సానపడుతున్నాడు.

రాపిడి చప్పుడు ఆగింది. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"గిది నువ్వేనా వాయించేది?"

ఇంకెవరుంటరు ఇంట్లో అన్నాను.

"మంచిగున్నది. గిన్నొద్దులు గిట్లెందుకు వాయించలే?"

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. నెల రోజులుగా ఇదే పాట, నువ్వు ఎదురుగా కూర్చుని విన్న పాటే అన్నాను. కాదన్నాడు. అప్పుడు మోతే వచ్చేది, పాట రాలేదన్నాడు. అయితే చూడు, అప్పటిది ఇది అని ట్రెబుల్‌ను తొమ్మిదికి తిప్పి తీగ మీటాను. సరోజ ఉంటే వసారాలోంచి లేచిపోయేది. ఆయన నిలబడే ఉన్నాడు, నేనింకా ఏదో చేస్తానని చూస్తున్నట్టు. సున్నాకు తిప్పి మీటాను. ఏమీ మారలేదు ఆ ముఖంలో. మళ్లీ తొమ్మిది. మళ్లీ సున్నా. ఆయన చూపు డబ్బా మీద లేదు, నా చేతి మీద ఉంది. చెయ్యి కదిలి ఆగిన ప్రతిసారీ తల ఊపుతున్నాడు.

ఏం మార్చినవు అని అడిగాడు. ఏం లేదన్నాను. మిడ్ మళ్లీ ఏడుకు పెట్టి మొదటి నుంచి వాయించాను. గడప మీద కూర్చుని ఆఖరు దాకా విన్నాడు. బిట్టు సాన సగంలోనే ఉంది.

సాయంత్రం ఆయన అటు తిరిగి చెప్పులు వెతుక్కుంటుంటే వెనక నుంచి పిలిచి చూద్దామనిపించింది. పరీక్ష పెట్టినట్టుంటుందని ఊరుకున్నాను. తర్వాత పిలిచాను. తిరగలేదు.

మార్చి 17

మొదటి పేజీలు చదివాను. ఫిబ్రవరి 9న "తల ఎత్తలేదు" అని రాశాను. నేనప్పుడు పొయ్యి వైపు తిరిగి ఉన్నాను. కుక్కర్ కూస్తోంది. అది రాయలేదు.

ఇంకా ఏమేమి రాయలేదో.

మార్చి 20

టార్పాలిన్ తీసుకుపోవడానికి రాజలింగన్న వచ్చాడు. స్వామి బజారుకు పోయాడు. చాయ్ ఇచ్చి అడిగాను. వసారా అంచు మీద కూర్చుని గ్లాసు పక్కన పెట్టాడు.

"రెండెండకాలాలాయె చెల్లె. సన్న మోతలు ఇనవడుతలేవు ఆయనకు. నేనే పక్కకు నిలవడి భుజం మీద తడుత. తట్టిన కాడ ఆయన ఆపుమంటడు. ఊరోళ్లు ఆయన ఇన్నడనుకుంటరు."

జనవరిలో గూడూరు దగ్గర బోరు వేసేటప్పుడు రాజలింగన్న దగ్గర లేడట, చుట్టాలింట్లో చావు. రెండు వందల నలభై అడుగుల దగ్గర వదులు మట్టి వచ్చింది. మోత మారింది. స్వామికి తెలియలేదు. పైనుంచి మట్టి కూలి రాడ్లు ఇరుక్కుపోయాయి. బయటికి తీయడానికి రెండు రోజులు పట్టింది, బోరు పాడైంది. ఆ రైతు ఒక్క మాట అనలేదట. అనలేదనే స్వామి రెండు రోజులు అన్నం ముట్టలేదన్నాడు.

జనవరిలో ఆ రెండు రోజులు నాకు గుర్తున్నాయి. నేను వండింది నచ్చలేదనుకున్నాను.

మార్చి 23, ఆదివారం

సాధనకు పోలేదు. చెవుల సంగతి నాకు తెలుసని స్వామికి చెప్పాను. వెలుతురు నా ముఖం మీద పడేట్టు కిటికీకి ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పాను.

ఎవరు చెప్పిండ్రు అన్నాడు. రాజలింగన్న పేరు తీయలేదు. ట్రెబుల్ నాబు చెప్పిందన్నాను. నవ్వాడు. నవ్వు ఆగాక కోపం వచ్చింది. నీ డబ్బాకూ నా చెవికీ ఏం సంబంధం అన్నాడు. తొమ్మిది మీద పెట్టింది నువ్వే కదా అన్నాను. నా గొంతు లేచింది, అది కోపం కాదు, ఆయనకు వినపడాలని. ఆయనకు కోపంలాగే కనపడి ఉంటుంది.

"నాకేం ఇనవడ్డదని పెడుత? ఊకె తలకాయ ఊపిన. నువ్వు గంటసేపు నా ముంగట కూసున్నవు. తెల్వదంటే లేచిపోతవని ఊపిన."

కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాను.

హన్మకొండలో చెవి డాక్టరుకు చూపించుకుందామన్నాను. అదే తప్పయిందేమో, అప్పుడే అనకుండా ఉండాల్సింది. చెవుల మిషన్ పెట్టుకుని బోరు దగ్గర నిలబడితే రైతు ఏమనుకుంటడు, చెవిటోని బండి తెచ్చుకున్న అనుకోడా అన్నాడు. నా చెవి పోయిందంటే నాకు పని పోయినట్టే, నన్ను పిలిచేదే దానికి అన్నాడు. బట్టలు సంచిలో వేసుకుని కాటారం పోయాడు. అక్కడ వరుసగా బోర్లున్నాయి. అది నిజమే.

మార్చి 30

ఉగాది. పొద్దున వచ్చి పచ్చడి తిని పోయాడు. చేదు ఎక్కువైందా అని అడిగాను, ముఖం ఎదురుగా పెట్టి. ఎక్కువ కాలేదన్నాడు. నాకు ఎక్కువైంది.

ఏప్రిల్ 5

బదిలీ దరఖాస్తు నింపాను. సంతకం కూడా పెట్టాను.

ఆయన నన్ను వినడం మానేశాడనుకుని కదా పోదామనుకున్నాను. మానలేదు, వినలేకపోయాడు. మరి ఇప్పుడెందుకు నింపినట్టు? రెండేళ్లు పక్కన పడుకుని ఒక్క మాట చెప్పలేదు. రాజలింగన్నకు తెలుసు, నాకు తెలియదు. నా మాటలంటే తనకు విసుగని నేననుకున్నా సరే అనుకున్నాడు గానీ చెప్పలేదు. నేను కూడా మానుకోట సంగతి చెప్పలేదు. కానీ నాది రెండు నెలలే.

రెండు నెలలే అని రాసుకున్నాను చూడు, తక్కెట్లో పెట్టినట్టు.

ఇంకో భయం కూడా ఉంది. ఇప్పుడు ఉండిపోతే అది జాలి అవుతుందేమో. జాలి ఆయన ఒప్పుకోడు. నేను కూడా ఒప్పుకోను.

ఏప్రిల్ 13, ఆదివారం

సాధన బాగా జరిగింది. విందు మధ్యాహ్నం కాబట్టి పొద్దున తొమ్మిదికే జనగామ చేరాలి. ఖాళీ హాల్లో పెట్టిన మోత జనం నిండాక మారిపోతుందట, మనుషుల ఒళ్లు మోతను పీల్చుకుంటుందట. మళ్లీ సరిచేయాలన్నాడు ఎల్లేశ్.

ఫోన్ చేశాను. రాజలింగన్న ఎత్తాడు. ఇరవైన జనగామ అని స్వామికి చెప్పన్నా అన్నాను. పక్కనే ఉన్నడు, చెప్పుత అన్నాడు. రమ్మని అడగలేదు. చెప్పమన్నాను, అంతే.

ఏప్రిల్ 20, ఆదివారం. జనగామ

ఇంటికి వచ్చి రాస్తున్నాను.

పదిన్నరకు ఖాళీ హాల్లో మోత సరిచూసుకున్నాం. పదకొండున్నరకు జనం వచ్చేసరికి ఎల్లేశ్ చెప్పినట్టే అంతా మారిపోయింది. పొద్దున స్పష్టంగా ఉన్న గిటారు గొంగడి కప్పుకున్నట్టయింది. నాబుల మీద చెయ్యి పెట్టి ఎటు తిప్పాలో తెలియక తల ఎత్తితే, హాలు చివర, చేతులు కడుక్కునే తొట్ల దగ్గర స్వామి నిలబడి ఉన్నాడు. కాటారం నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట. ఉతికిన చొక్కా వేసుకున్నాడు గానీ చెవుల వెనక రాతిపొడి అలాగే ఉంది.

చెయ్యి ఎత్తి ఏదో సైగ చేశాడు. అరచెయ్యి పైకి పెట్టి రెండుసార్లు లేపాడు. బోరు బండి దగ్గర మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి వాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటారని తెలుసు. ఇరవై ఏళ్లలో నేనెప్పుడూ అక్కడికి పోయి చూడలేదు. పెంచమంటున్నాడనుకుని మిడ్‌ను ఏడు నుంచి ఎనిమిదికి తెచ్చాను. మళ్లీ లేపాడు. ఎనిమిదిన్నర. అరచెయ్యి బోర్లించి కదలకుండా పట్టుకున్నాడు. ఎల్లేశ్ కీబోర్డు మీద నుంచి చూసి సరే అన్నట్టు కళ్లు మూశాడు. ట్రెబుల్ కోసం స్వామి వైపు చూడలేదు. సరోజ ముఖం చూస్తూ తిప్పాను. ఆమె కనుబొమ్మలు ముడిపడే దగ్గర ఆపి ఒక గీత వెనక్కి తెచ్చాను.

ఆరు పాటలు వాయించాం. రెండో పాటలో ఒక కార్డు తప్పాను. నాలుగో పాటలో సరోజ గొంతు తీసినప్పుడు నేను దించాను, ఆమె ఆపినప్పుడు లేపాను. నేను చేసిన పనల్లా అదే. కూరలు వడ్డించే మనిషి గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. సరోజ పాటకే అనుకుంటాను.

తిరిగి వచ్చేటప్పుడు మేమిద్దరం బ్యాండు బండి ఎక్కలేదు. బస్టాండు పక్కన చాయ్ తాగుతూ ఆయన కుడివైపు కూర్చున్నాను. ఆ చెవి కొంచెం నయమని ఇప్పుడు తెలుసు. మానుకోటకు బదిలీ అడుగుదామనుకున్నానని చెప్పాను. దరఖాస్తు నింపి పెట్టానని, రేపే ఆఖరు రోజని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. మైక్రోస్కోపులు అనలేదు.

బస్సు ఒకటి హారను కొడుతూ పోయింది. వినపడలేదేమోనని మళ్లీ మొదలుపెట్టాను.

"ఇనవడ్డది," అన్నాడు.

చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు. తప్పు నీది కాదన్నాడు, పొయ్యేదాన్ని ఆపే మాట నా దగ్గర లేదన్నాడు. లేస్తూ అన్నాడు.

"పోతే ఆదివారం ఆదివారం వస్త. డబ్బా గూడ తీస్కపో. మిడిల్ ఎనిమిదిన్నర మీద ఉంచు."

ఏప్రిల్ 21

ఆఫీసు ఐదింటికి మూశారు. నేను నాలుగున్నరకు దరఖాస్తు పట్టుకుని గేటు దాకా పోయి, లోపలికి పోకుండా పక్క దుకాణంలో రిషితకు పెన్నులు కొని వచ్చాను.

జాలి కాదు. లేదా జాలి కూడా ఉందేమో, కొంచెం. ఉంటే ఉండనీ. మైక్రోస్కోపులు మాత్రం నిజంగా మంచివి.

ఏప్రిల్ 24, గురువారం

వచ్చే బుధవారం హన్మకొండ డాక్టరు దగ్గరికి పోదామని స్వామే అన్నాడు. మిషన్ పెట్టుకోవడం సంగతి చెప్పలేదు. చూపించుకుంటాడట. అంతవరకే.

ఈ రోజు బోరు దగ్గరికి వస్తవా అని అడిగాడు. కాటారం అవతల భద్రమ్మ అనే ఆమె మెట్ట చెలక. ముందు వేసిన రెండు బోర్లు ఎండిపోయాయి, మొక్కజొన్న వాడుతోంది. నలభై డిగ్రీల ఎండలో గొడుగు పట్టుకుని బండి పక్కన నిలబడ్డాను. మోత మొదలయ్యాక నా ఎముకల్లోంచి వస్తున్నట్టనిపించింది. ఈ మోతలో ఇరవై మూడేళ్లు నిలబడ్డాడు. చెవులకు పెట్టుకునే దూది ఉంటుందట. పెట్టుకుంటే రాయి మాట వినపడదని పెట్టుకోలేదట.

పది రాడ్లు దిగాక రాజలింగన్న స్వామి భుజం తట్టాడు. స్వామి పిడికిలి ఎత్తాడు, కంప్రెషర్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో నన్ను అడిగాడు, మోత మారిందా అని.

నేను చాలా శ్రద్ధగా విన్నాను. మారినట్టే ఉంది. మారనట్టూ ఉంది. ఏదో ఒకటి చెప్పాలనిపించింది, ఊరి చెవి నన్ను అడుగుతోంది కదా. నోటి దాకా వచ్చింది, మారిందని. చెప్పలేదు.

"నాకు తెలుస్తలేదు," అన్నాను.

ఆ మాట విన్నాక స్వామి ఎండలో కొంగు కప్పుకుని కూర్చున్న భద్రమ్మ దగ్గరికి పోయి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, ఒక మాట. నా చెవులు మునుపటి లెక్క లేవు. మోత రాజలింగు ఇంటున్నడు. నేను పైకొచ్చే రాతిదుబ్బ చూస్తున్న. ఇప్పుడు ఆపుదమా, ఇంకొంచెం పోదమా అన్నది మా ఇద్దరి మాట, నా ఒక్కనిది కాదు. నీకు ఇష్టం లేకపోతే చెప్పు, బండి తీస్త."

రాజలింగన్న బండి లీవరు మీద చెయ్యి అలాగే పెట్టి అటు తిరిగిపోయాడు. భద్రమ్మ స్వామి ముఖాన్నీ నా ముఖాన్నీ చూసింది. నీ చెవులకు ముందే నా చెవులు పోయినయి కొడుకా అంది. ఇంకొంచెం గట్టిగ చెప్పరాదు, నువ్వు చెప్పింది సగమే ఇనవడ్డది అంది.

స్వామి నవ్వాడు. గట్టిగా, మొదటి నుంచి, మళ్లీ మొత్తం చెప్పాడు. చెలకలో ఉన్న అందరికీ వినపడేట్టు చెప్పాడు.